భీముడా, బుడ్డోడా?

మన్నేరుకోట రాజు తిమ్మభూపాలుడికి ఆవులంటే ప్రాణం. ఒకసారి పక్క రాజ్యానికి విందుకెళ్లి, అక్కడ ఏనుగు గున్నంత కోడెదూడను చూసి వచ్చాడు. ఇక అన్నం సహిస్తే ఒట్టు!

"వచ్చే ఏటికి నా మందలో అంతకన్నా పెద్ద దూడలు పుట్టాలి. ఎట్లా?" అన్నాడు కొలువులో.

అడగడమే ఆలస్యం, పశుశాల అధికారి పెదసింగన లేచాడు. ఈ మహానుభావుడికి ఏదైనా పెద్దదే కావాలి. పెద్ద తలపాగా, పెద్ద మీసం, పెద్ద గొంతు. ఒక్క ఓపికే కాస్త చిన్నది.

"మన భీముడున్నాడు ప్రభూ! అంత ఎత్తు ఆంబోతు ఈ సీమలోనే లేదు. ఈ ఏడు ఎదకొచ్చిన తొలిచూలు పెయ్యలు పదహారున్నాయి. అన్నిటినీ వాడికే జతకట్టిద్దాం."

గుమ్మం దగ్గర పెరుగుకుండతో నిలబడ్డ ఓబులమ్మ ఆ మాట వింది. పశుశాలలో ఆవులకు పురుళ్లు పోసేది ఆవిడే. ఆ పదహారింటిలో జాజి ఉంది. తల్లి పాముకాటుకు పోతే, వెదురుగొట్టంతో పాలు పట్టి ఆవిడ పెంచుకున్న పెయ్య. కుండ తీసి పక్కనున్న భటుడి చేతిలో పెట్టి, నేరుగా రాజు ముందుకొచ్చేసింది.

"రెండు మూడు ఈతలైన ఆవులకైతే భీముణ్ణే కట్టించండి మారాజా, నేను కాదనను. తొలిచూలు పెయ్యకు మాత్రం దూడ చిన్నదిగా పడాలి. దానికి మన పొట్టి ఆంబోతు బుడ్డోడే సరి. వాడిదీ మేలుజాతే. వాడి దూడలు సన్నగా పుట్టి, ఆర్నెల్లు తిరిగేసరికి ఏపుగా ఎదుగుతాయి. నిరుడు భీముడి దూడల్ని ఈనలేక రెండు పెయ్యలు నా చేతుల్లోనే పోయాయి."

"అది దిష్టి!" కసిరాడు పెదసింగన. "అంత చక్కటి పెయ్యల్ని ఊరంతా కళ్లప్పగించి చూస్తే తగలదూ? బుడ్డోడట, బుడ్డోడు! ప్రభువుల మందలో మేకపిల్లల్ని పుట్టిస్తావా ఏం?"

సభంతా గొల్లుమంది. రాజూ నవ్వాడు గానీ, చచ్చిపోయిన పెయ్యల మాట మనసులో గుచ్చుకుంది.

"ఓబులమ్మా, ఎనిమిది రోజులు గడువిస్తున్నా. నీ మాట నిజమని నా కళ్లకు చూపించు. చూపించలేకపోతే పదహారూ భీముడికే. నువ్వు మళ్లీ పశుశాల గడప తొక్కకూడదు."

ఎనిమిది రోజుల్లో ఏ పెయ్య ఈనుతుంది, ఏమని చూపిస్తుంది? ఓబులమ్మ పోయి జాజి గంగడోలు నిమురుతూ బోరున ఏడ్చింది. తనివితీరా ఏడ్చాక, కొంగుతో ముక్కు తుడుచుకుని తిన్నగా పెదసింగన ఇంటికే వెళ్లింది.

"తొమ్మిదో రోజున గెలుపు మీదే గదా దొరా. ఆ రోజు కొలువుకు అందరిలాగా నడిచి వెళ్తారా ఏంటి? ఓ పల్లకీ వద్దూ?"

పెదసింగన మీసం దువ్వాడు. "దారికొచ్చావన్నమాట! ఎంత పెద్దది చేయించమంటావు?"

"చెప్పడానికి నేనెంతదాన్ని? మీ హోదా ఎంతో మీకే తెలియాలి. ఒక్కటి మాత్రం చెప్తా. వీధిలో చేయిస్తే నలుగురూ చూస్తారు, దిష్టి తగులుతుంది. ఇంటి లోపలే తలుపులు మూసి చేయించండి."

దిష్టి అనేసరికి పెదసింగన వెంటనే తలుపులు మూయించాడు. మర్నాడే వడ్రంగి మల్లబ్రహ్మం దిగాడు. రోజూ పొద్దున్నే పెదసింగన వచ్చి, "ఇంకో జానెడు పెంచు!" అనేవాడు. ఆ వడ్రంగి పాపం ఏదో చెప్పబోయి రెండుసార్లు నోరు తెరిచాడు.

"నేను చెప్పింది చెయ్! నాకే నేర్పుతావా?"

మల్లబ్రహ్మం నోరు మూసుకుని, చెప్పింది చేశాడు.

తొమ్మిదో రోజు వచ్చింది. తన వైభవం చూడ్డానికి రాజునే ఇంటికి రమ్మని కబురంపాడు పెదసింగన. రాజూ, పరివారమూ వీధిలో నిలబడ్డారు. బాకాలు ఊదారు. వాకిలి తలుపులు తెరిచారు. లోపల పెదసింగన ఠీవిగా పల్లకీ ఎక్కి కూర్చోగా, ఎనిమిది మంది బోయీలు భుజానికెత్తుకున్నారు. ముందు దండెలు రెండూ గుమ్మం దాటాయి. ఆ వెనకే పల్లకీ ముందుభాగం వచ్చింది. అంతే! ధబీమని ఇరుక్కుపోయింది.

"తొయ్యండి! లాగండి!"

తోసినకొద్దీ ఇంకా బిగుసుకుంది. పల్లకీ పక్క ద్వారాలు గోడలకు ఆనుకుపోయాయి, దిగడానికి దారి లేదు. పెదసింగన ముందు కిటికీలోంచి తల బయట పెట్టాడు. తలపాగా జారి కళ్ల మీద పడింది.

ఓబులమ్మ కొంగు నడుముకు బిగించి, వంగి పరీక్షగా చూసింది.

"ముందరికాళ్లు రెండూ వచ్చాయి మారాజా. తలా వచ్చింది. ఒళ్లే ఆగిపోయింది."

రాజు ఉత్తరీయం నోటికి అడ్డం పెట్టుకున్నాడు. పెదసింగనకు ఒళ్లు మండిపోయింది.

"గుమ్మం ఎంతుందో చూడకుండా ఇంత పెద్దది చేయించిన బుద్ధిలేనివాడెవడురా?"

మల్లబ్రహ్మం ఆకాశంలోకి చూశాడు. ఓబులమ్మ మెల్లిగా చేతులు జోడించింది.

"నిరుడు పోయిన రెండు పెయ్యలూ నన్ను అడిగింది ఇదే దొరా."

రాజు నవ్వు సగంలో ఆగింది. గుమ్మం వంక చూశాడు, పల్లకీ వంక చూశాడు.

"అయితే అది దిష్టి కాదన్నమాట," అన్నాడు నెమ్మదిగా. కిటికీలోంచి పెదసింగన ముఖం మళ్లీ కనబడేసరికి మాత్రం ఆపుకోలేకపోయాడు. రాజు నవ్వితే ఇంకెవరాగుతారు? వీధి వీధంతా పొట్టలు పట్టుకుంది.

రాజు తన చేతి కంకణం తీసి ఓబులమ్మకు తొడిగాడు. "పదహారు పెయ్యలూ బుడ్డోడికే. ఇవాళ్టి నుంచి పశుశాల పెత్తనం నీదే!"

"ప్రభూ, ముందు నన్ను బయటికి తీయించండి!" అని కేకలేశాడు పెదసింగన.

ఓబులమ్మ దగ్గరకెళ్లి, ఆయన తలపాగా సరిచేసి, ఆవు వీపు నిమిరినట్టు పల్లకీని నిమిరింది.

"కంగారు పడకండి దొరా. తొలికాన్పు గదా, కాస్త ఆలస్యమవుతుంది!"