యాభై నాలుగో మెట్టు

కొండల నడుమ వజ్రగిరి అని ఒకానొక రాజ్యం ఉండేది. లోకమంతటా ఏడెనిమిదులు యాభై ఆరైతే, ఆ రాజ్యంలో మాత్రం యాభై నాలుగు.

దానికో కథ ఉంది. రాజు ప్రతాపధ్వజుడు ఏడేళ్ళప్పుడు ఎక్కం అప్పజెబుతూ "ఏడెనిమిదులు యాభై నాలుగు" అన్నాడు. గురువు "చిత్తం" అన్నాడు. యువరాజు నోట వచ్చింది తప్పెలా అవుతుంది? ఆ రోజే కోటలోని ఎక్కాల తాటాకులన్నీ దిద్దించారు. తప్పును దిద్దాల్సింది పోయి ఒప్పును దిద్దారన్నమాట!

తర్వాత వచ్చిన గురువుల్లో ఒకాయన "ఇదెక్కడి లెక్క!" అని బెత్తమెత్తి అరిచాడు. ఆయన్ని పొలిమేర దాటించారు. మిగిలినవాళ్ళు చిత్తం చిత్తమంటూ కాలం వెళ్ళబుచ్చారు.

చివరికి ఆ పని ఆస్థానంలో చమత్కారిగా పేరుపడ్డ ముమ్మడన్న నెత్తిన పడింది. శిష్యురాలు రాజుగారి ఒక్కగానొక్క కూతురు మల్లాంబిక. మరి మూడు రోజుల్లో ఆ పిల్లకు పదహారేళ్ళు నిండుతాయి.

చదువు మందిరం కిటికీ కిందే దిగుడుబావి ఉంది. పైన రాతికప్పు, లోపల కాటుక చీకటి. రాజవంశంలో పుట్టినవాళ్ళు పదహారేళ్ళు నిండిన రోజున దీపం లేకుండా, ఒంటరిగా అందులో దిగి, పూర్వీకుల గూట్లోని విభూతి నుదుట పెట్టుకుని రావాలి. అలా వచ్చినవారికే సింహాసనం. కుడివైపు గోడ, ఎడమవైపు లోతెరగని నీళ్ళు; నీళ్ళమీదుగా గూటికి దారి ఒక్క మెట్టు దగ్గరే ఉంది. బావి మొగదల రాతిమీద ఇలా చెక్కి ఉంది: "ఏడెనిమిదుల మెట్లు దిగి ఎడమకు తిరుగు."

ముమ్మడన్న మొదటిరోజు ఆ అక్షరాలు చదివాడు. వెలుతురున్నంత వరకూ నాలుగు మెట్లు దిగి చూసి, ఎందుకో గడ్డం గోక్కుంటూ పైకొచ్చాడు.

మిట్టమధ్యాహ్నం పాఠం మొదలైంది. ఎండ పెళపెళలాడుతోంది. అయినా కిటికీలోంచి చల్లటి గాలి వీచింది. దాని వెనకే బావి అడుగునుంచి ఒక గొంతు వినిపించింది.

"ఏడెనిమిదులు... యాభై నాలుగు."

ముమ్మడన్నకు ఒళ్ళు జలదరించింది. కింద కావలివాళ్ళు, వాకిట్లో దాసీలు, ఎదురుగా మల్లాంబిక, అందరూ ఒక్కసారే "చిత్తం" అన్నారు.

"ఎవరు తల్లీ అది?"

"మా చిన్నాన్నగారండీ, కీర్తిధ్వజులవారు. ఇరవై ఏళ్ళ క్రితం బావిలో దిగి మళ్ళీ రాలేదట. రోజూ ఈ వేళకు ఎక్కం చెబుతారు. మేం చిత్తం అంటాం." కొలనులో చేపలున్నాయన్నంత మామూలుగా చెప్పిందా పిల్ల.

ముమ్మడన్న చెవి ఒగ్గి విన్నాడు. ఆ గొంతు ఆగిన తర్వాతి నిశ్శబ్దం ఆయనకు బాగా తెలుసు. ఎక్కం అప్పజెప్పి, ఒప్పో తప్పో గురువు చెబుతాడని నిలబడ్డ పిల్లవాడి నిశ్శబ్దం అది. ఇరవై ఏళ్ళుగా ఎవరూ చెప్పలేదు. ఆయనకు భయం పోయి జాలేసింది.

"తల్లీ, ఏడెనిమిదులెంత?"

"యాభై నాలుగు."

"తప్పు. యాభై ఆరు."

మల్లాంబిక ముక్కు పుటాలు అదిరాయి. "నాన్నగారి ఎక్కాన్నే తప్పంటారా?"

ముమ్మడన్న గొంతు పెంచలేదు, తగ్గించలేదు. "నీమీద నాకు కోపం లేదు. మీ నాన్నగారంటే అమర్యాద లేదు. లెక్క మాత్రం తప్పు. తప్పుడు లెక్కతో నిన్ను ఆ చీకట్లోకి పంపలేను. చింతగింజలు తెప్పించు, పేర్చి చూద్దాం."

ఎనిమిదేసి గింజలు, ఏడు వరసలు. మల్లాంబిక ఒకసారి లెక్కపెట్టింది. మళ్ళీ పెట్టింది. మూడోసారికి చూపు కిటికీ వైపు తిరిగింది. "గురువుగారూ, అయితే చిన్నాన్నగారు రెండు మెట్లు ముందే..."

"అవును తల్లీ."

కోటలో గోడలకూ చెవులే. మర్నాడు అదే వేళకు రాజు మంత్రుల్నీ పరివారాన్నీ వెంటేసుకుని చదువు మందిరానికి వచ్చాడు.

"ముమ్మడన్నా! నా ఎక్కం తప్పన్నావట?"

"అన్నాను ప్రభూ. ఏడెనిమిదులు యాభై ఆరు."

"తల ఎగిరిపోతుంది!"

"ఎగరొచ్చు ప్రభూ. అయినా యాభై ఆరే."

"యాభై నాలుగని చెప్పు, బతికిపోతావు!"

"నేను బతుకుతాను, అమ్మాయిగారు బతకరు. చెప్పలేను ప్రభూ. యాభై ఆరు."

రాజు కత్తిమీద చెయ్యి వేశాడు. ముమ్మడన్న చేతులు జోడించాడు. "ఆఖరి మనవి. ఒక్క ప్రశ్నకు సెలవిప్పించండి. తమరూ పదహారో ఏట ఆ బావి దిగి, విభూతి పెట్టుకొచ్చి సింహాసనం ఎక్కారు. ఎన్నో మెట్టు దగ్గర ఎడమకు తిరిగారు?"

రాజు చెయ్యి కత్తిమీంచి దిగింది. యాభై నాలుగంటే, ఈపాటికి తానూ నీళ్ళలోంచే ఎక్కం చెబుతూ ఉండాలి. అసలు దిగనేలేదంటే సింహాసనం తనది కాదు. అటు నుయ్యి, ఇటు గొయ్యి.

సరిగ్గా అప్పుడే కిటికీలోంచి చల్లగాలి వచ్చింది. "ఏడెనిమిదులు... యాభై నాలుగు."

అలవాటు కొద్దీ చిత్తమనబోయిన వాళ్ళందర్నీ రాజు చెయ్యెత్తి ఆపాడు. కిటికీ దగ్గరికి నడిచి ఊచలు పట్టుకున్నాడు.

"యాభై ఆరు దగ్గర," అన్నాడు మెల్లగా. తర్వాత బావివైపు వంగాడు. "కీర్తీ! తప్పురా తమ్ముడూ. తప్పు నీది కాదు, నాది. యాభై ఆరు. ఏదీ, మళ్ళీ చెప్పు."

కిటికీలోంచి మళ్ళీ చల్లగాలి వచ్చింది.

"ఏడెనిమిదులు... యాభై ఆరు."

"ఒప్పు," అన్నాడు రాజు. ఆయన కళ్ళవెంట నీళ్ళు ధారకట్టాయి. ఆ గొంతు మళ్ళీ ఎన్నడూ వినిపించలేదు.

రెండు రోజుల తర్వాత మల్లాంబిక బావిలో దిగింది. పైన రాజు వేళ్ళు మడుస్తూ, తెరుస్తూ కూర్చున్నాడు. కొంతసేపటికి నుదుట విభూతితో మెట్లెక్కి వచ్చింది. "నాన్నగారూ, గూటి దగ్గర ఎవరో చెయ్యి పట్టుకుని తిప్పినట్టయింది," అంది. భయపడ్డట్టు లేదా పిల్ల.

రాజు తన భుజం మీది పట్టుశాలువ తీసి ముమ్మడన్నకు కప్పాడు. "ఇంకేం కావాలో కోరుకో."

"చదువు మందిరంలో చిత్తం అన్న మాట వినబడకూడదు ప్రభూ."

"చిత్తం," అని నాలిక కరుచుకున్నాడు రాజు. తర్వాత ఆయన్ని పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. "నేను దిగలేదని నీకెలా తెలిసింది?"

"నాలుగో మెట్టు మీద కటారితో చెక్కిన గుర్రం బొమ్మ ఉంది ప్రభూ. కింద తమ పేరు కూడా ఉంది. చీకట్లోకి దిగేవాడికి గుర్రానికి జూలు దిద్దేంత తీరికెక్కడిది?"

రాజు పగలబడి నవ్వాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటూ, "మరి ఆ విభూతి ఎక్కడిదో అడగవేం? మా వంటింటి పొయ్యిలోదయ్యా!" అన్నాడు.