వేరే చేతిలో పెట్టబోయిన బిడ్డ

నాగావళి ఒడ్డున వైద్యం నేర్పే భద్రయ్యగారి దగ్గర సోమశేఖరం అనే శిష్యుడుండేవాడు. ఒకనాటి ఉదయం అతను రెండేళ్ళ పిల్లవాణ్ణి పరీక్షించాడు. నాడి బాగుంది, చూపూ వినికిడీ బాగున్నాయి. అయినా ఆ పిల్లవాడు నవ్వడు, పిలిస్తే తిరిగి చూడడు. తల్లి బారెడు దూరంలో, ఎవరి బిడ్డో అన్నట్టు కూర్చుంది. పుట్టింట్లో ఆమె దెబ్బలు తిని పెరిగిందని వెంట వచ్చినవాళ్ళు చెప్పారు. వాళ్ళు వెళ్ళాక శిష్యుడు అడిగాడు: “గురువుగారూ, రోగం తల్లి చిన్నతనంలో ఉంటే బిడ్డకు మందిచ్చి ఏం లాభం? ఇలాంటి బిడ్డను వేరే చేతిలో పెట్టడమే మేలు కాదా?”

భద్రయ్యగారు ఔననలేదు, కాదనలేదు. తానెరిగిన ఒక సంగతి చెప్పారు.

ఏటి దిగువన తుంగచాపలు అల్లేవాళ్ళ పేటలో పారి అనే కోడలు ఉండేది. ఆమె కూతురు గున్నమ్మకు ఏడాదిన్నర దాటింది. పారి బిడ్డకు వేళకు పాలు పట్టేది, నీళ్ళు పోసేది, ఉతికిన గుడ్డ కట్టేది. బిడ్డ ఏడుపు అందుకుంటే మాత్రం పారి చేతులు బిగుసుకుపోయేవి. పిల్లను కింద దించి, పెరట్లోకి వెళ్ళి, గోడవైపు తిరిగి నిలబడేది. కొన్నాళ్ళకు గున్నమ్మ ఏడవడం మానేసింది. నడవలేదు, మాట్లాడలేదు, ఎవరికీ చేతులు చాచలేదు.

“పిల్లతో మాట్లాడవే, జోల పాడవే” అని పేటలో చెప్పనివాళ్ళు లేరు. పారి తల వంచుకుని అన్నీ వినేది. అత్త అసిరమ్మకు ఓపిక అయిపోయింది. “తల్లికే పలుకు నేదు, పిల్లకెక్కడినుంచొస్తాది? వానలెళ్ళాక నా కూతురింట్లో దిగబెట్టేస్తాను” అంది. పారి ఎదురు చెప్పలేదు. తన దగ్గర ఉండడం కన్నా అదే నయమని ఆమె కూడా అనుకుంది.

ఆ పేటకు మంత్రసాని దాలమ్మ. తాను పురుడు పోసిన బిడ్డ ఉన్న ఇంటికి మూడేళ్ళదాకా వారానికోసారి వెళ్ళిరావడం ఆమె అలవాటు. పారి ఇంటికి వచ్చినప్పుడు ఏ సలహా చెప్పేది కాదు. చాప అల్లేచోట కూర్చుని తుంగపుల్లలు ఒక్కొక్కటే అందించేది. అసిరమ్మ ఆ మాట అన్న నాలుగోవారం ఒక్క మాట అడిగింది.

“నువ్వు తిన్నావా?”

తననెవరూ అలా అడిగిన గుర్తులేక పారి పుల్ల పట్టుకుని అలాగే ఉండిపోయింది.

తొలివానలు పడ్డ వారం, దాలమ్మ వచ్చి కూర్చున్న వేళ, గున్నమ్మ పాకుతూ గడప మీదనుంచి పడింది. పెదవి చిట్లింది. ఎన్నో నెలల తరవాత గట్టిగా ఏడ్చింది. పారి లేచి పెరటివైపు అడుగు వేసింది. దాలమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. బిగించి కాదు.

“నేనున్నాను. ఇక్కడే కూకో.”

పారి బిడ్డ పక్కనే కూర్చుంది. బిడ్డనే చూస్తూ అంది: “నేనేడిస్తే గాదెలో పెట్టి మూతేసీవోరు.”

“ఎవరు?”

“మాయమ్మే.”

“ఎన్నేళ్ళే నీకప్పుడు?”

“మూడో, నాలుగో.”

దాలమ్మ ఆమె తల నిమిరింది. పారి వెక్కివెక్కి ఏడ్చింది. ఏడుపు తీరాక కొంగు తడిపి బిడ్డ పెదవి తుడిచింది.

అంతటితో అంతా చక్కబడిందని అనుకోవద్దన్నారు గురువుగారు. మరునాడు బిడ్డ ఏడిస్తే పారి మళ్ళీ పెరట్లోకే వెళ్ళింది. ఇంకోనాడు గుమ్మందాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. కొన్నాళ్ళు అదీ కుదరలేదు. దాలమ్మ మాత్రం వారం తప్పలేదు. ఏరు పొంగిన వారం గట్టుమీదుగా చుట్టూ తిరిగి వచ్చింది. శ్రావణం వచ్చేసరికి పారి రెండు చేతులూ చాచి “దా” అని పిలవడం మొదలుపెట్టింది. అంతకుమించి ఆమెకు మాటలు తోచేవి కావు. గున్నమ్మ తొలిసారి పలికిన మాట కూడా “అమ్మ” కాదు, “దా”.

వానలు వెళ్ళాయి. అసిరమ్మ అన్న మాట ప్రకారం పిల్ల బట్టలు మూటకట్టి, ఎత్తుకోబోయింది. గున్నమ్మ తప్పటడుగులు వేస్తూ పారి వెనక్కి చేరి చీర కుచ్చిళ్ళు పట్టుకుంది. పారి మొదటిసారి అత్త ముఖంలోకి చూసింది.

“దీన్ని నేనే పెంచుకుంటానత్తా.”

అసిరమ్మ కోడలినీ పిల్లనూ చూసింది. మూట విప్పి, బట్టలు మళ్ళీ దండెం మీద వేసింది.

సోమశేఖరం అడిగాడు: “దాలమ్మ ఆ బిడ్డకు ఏదో చేసి ఉండాలి గురువుగారూ. ఏం చేసింది?”

“ఆ ఏడాది మొత్తంలో దాలమ్మ ఆ బిడ్డను ఒక్కసారైనా ఎత్తుకోలేదు నాయనా” అన్నారు భద్రయ్యగారు.