ఇది నా చేని మన్నే

మన తాతల తాతలకు పాలపళ్ళు కూడా రాని కాలం నాటి మాట, వినండి. ఒక ఊళ్ళో తిప్పక్క అనే ముసలావిడ ఉండేది. జానెడు నేల లేదు పాపం. చిటికెడు మన్ను నాలుక మీద వేసుకుని, ఆ చేలో ఏం పండుతుందో చెప్పేది. ఆమె చెప్పిందంటే పండాల్సిందే.

అదే ఊరి రైతు ఈరన్నది చవుడు చేను. మన్ను నోట పెడితే ఉప్పు. ఆ సంగతి నలుగురికీ తెలుస్తుందని సిగ్గుపడి, పక్కవాడి చేలో మన్ను మూటగట్టుకుని తిప్పక్క దగ్గరికి పోయాడు. చూశారా బుద్ధి.

"ఇది నీ చేని మన్నేనా నాయనా?" అంది తిప్పక్క.

"నా చేని మన్నే అవ్వా."

ఎవరినైనా మూడుసార్లు అడగడం ఆమె పద్ధతి. మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ అదే అన్నాడు, తొణక్కుండా బెణక్కుండా.

"అయితే కంది వెయ్యి."

ఇంట్లో ఉన్న విత్తనమంతా వేశాడు. మొలిచింది మొలిచినట్టే మాడిపోయింది. ఊరంతా చేని గట్టున చేరింది. తిప్పక్క వంగి చిటికెడు మన్ను నోట్లో వేసుకుంది. ఈరన్న, ఇక నా పరువు గంగలో కలిసింది అనుకున్నాడు.

ఆమె అతని మొహంలోకి చూసింది. "నా నాలుక తప్పింది" అంది ఊరితో.

ఈరన్న నిర్ఘాంతపోయాడు. నిజం మింగేసి, తలొంచుకుని ఇంటికి పోయాడు. ఆ రోజు నుంచి ఆమె గుమ్మం తొక్కినవాడు లేడు. పిలిచి పిడికెడు గింజలు పెట్టినవాడూ లేడు.

మరుసటి ఏడు తొలకరికి ఈరన్న చేలో ఏదో పేరు తెలియని మొక్క మొలిచింది. గాలికొచ్చిన కలుపు అని తిట్టుకుంటూ దున్నేశాడు. రెండో ఏడూ మొలిచింది. తిట్టుకుంటూ దున్నేశాడు. మూడో ఏడు, తొలకరి కురిసిన పొద్దున చేనికి వెళ్తే, మధ్యలో తిప్పక్క బోర్లా పడి ఉంది. ఒళ్ళు చల్లబడిపోయింది. కొంగు ముడిలో ఆ మొక్క విత్తనాలే. చవుడులో ఉప్పు విరగడానికి మనం ఇప్పుడు చల్లి, మొలిచాక దున్నేసే జీలుగ అదే. సగం చేను చల్లింది, సగం మిగిలింది.

ఈరన్న వంగి చూశాడు. ఆమె పెదవికి మన్ను అంటి ఉంది. తనూ చిటికెడు నోట్లో వేసుకున్నాడు. ఉప్పు లేదు.

ఆ మన్ను నోట్లో ఉండగానే ఊళ్ళోకి పరుగెత్తాడు. "ఆనాడు నేనిచ్చింది నా చేని మన్ను కాదు" అని మూడు వీధుల్లో మూడుసార్లు ఏడ్చి చెప్పాడు. తర్వాత వచ్చి, మిగిలిన సగం తనే చల్లాడు.

ఇప్పటికీ ఆ వైపు రైతులు మన్ను చూపించుకోవడానికి వెళ్తే, ముందు తమ నాలుక మీద చిటికెడు వేసుకుంటారు. ఎవరూ అడక్కుండానే మూడుసార్లు చెబుతారు: "తిప్పక్క తోడు, ఇది నా చేని మన్నే."