కోటగుమ్మం చిలక సిఫారసు

పరుపుల్లో బూరుగుదూది, వీధుల్లో దూదేకే వింటి మోత ఉన్న రోజులవి. ఆ మోత వింటేనే నిద్ర ముంచుకొచ్చేది. అప్పట్లో ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు ఏ పనివాళ్లు కావాలన్నా కోటగుమ్మంలోని రాజుగారి చిలకను అడిగేవాళ్లు. నలుగురి నోటా ఎక్కువగా విన్న పేరే అది చెప్పేది.

కొత్వాలు విరూపన్న ఆ కిటుకు పట్టేశాడు. ఏ పనైనా తన మనుషులకే దక్కాలని, ఎవరని అడిగినా "విరూపన్న!" అనేలా భటుల చేత నెల రోజులు దానికి వల్లె వేయించాడు. ముప్ఫై ఏళ్లుగా పరుపులు కుట్టిన దూదేకుల హుసేనమ్మ గడప తొక్కేవాళ్లే లేకుండా పోయారు. పొయ్యి వెలగని మూడో రోజున ఆమె నేరుగా సభకు వెళ్లి మొరపెట్టుకుంది.

"రాజుగారి చిలక అబద్ధమాడుతుందటే ముసలీ?" అన్నాడు కొత్వాలు మీసం దువ్వుతూ.

"అబద్ధమాడదంటారా? అయితే దొరగారి ముందే ఒక్కమాట అడగనివ్వండి."

చిలకను తెప్పించారు.

"చిలకమ్మా, ఈ సింహాసనానికి తగినవాడు ఎవరే?"

"విరూపన్న!"

కొత్వాలు రాజుగారి కాళ్ల మీద పడ్డాడు. "ప్రభూ, దాని మొహం, దానికేం తెలుసు! నా భటులు నేర్పిన మాటే అది!"

రాజుగారు నవ్వాపుకుంటూ అడిగారు. "రేపటి నుంచి నీ పేరు నేర్పించమంటావా, హుసేనమ్మా?"

"నాకెందుకు దొరా ఆ దిక్కుమాలిన పని? పంజరాన్ని సత్రంలో వేలాడదీయించండి. అక్కడున్న నా పరుపుల మీద పడుకుని లేచినవాళ్ల మాటలు విని అదే నేర్చుకుంటుంది. తిట్టారంటే, ఆ తిట్లు నావే."