పంకా తాడు ఎవరు లాగాలి?

కొలనుపాడు రాజావారికి ఇంగ్లీషు చెప్పడానికి కుదిరిన పానకాలు మాస్టారికి మూడోరోజుకే ముచ్చెమటలు పట్టాయి. "హియర్ అంటే చెవిన పడటం, లిజన్ అంటే మనసుపెట్టి వినడం" అన్నందుకు రాజావారు మండిపడ్డారు.

"నా చెవిన పడ్డాక నేను విననిదంటూ ఉంటుందా? రెండూ ఒకటే! కాదంటావా, రేపు కొలువులో రుజువు చెయ్యి. లేదా మూటాముల్లె సర్దుకో."

వసారాలో కూచుని పంకా తాడు లాగే సన్నాసి ఇదంతా విన్నాడు. "దిగులుపడకండి మాస్టారూ, నేను చూసుకుంటానండి" అన్నాడు.

మర్నాడు కొలువులో రైతులు గోడు చెప్పుకుంటుంటే రాజావారు కొత్త జేబు గడియారానికి కీ ఇచ్చుకుంటూ ఊఁ కొడుతున్నారు. సన్నాసి లోపలికొచ్చి చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"ప్రభూ, పంకా తాడు నలిగిపోయిందండి. మార్చమంటారా?"

"ఊఁ."

"రేపట్నుంచి దాన్ని తమరు లాగండి. గద్దెమీద నేను కూచుంటానండి."

"ఊఁ, అలాగే కానీ."

కొలువంతా ఘొల్లున నవ్వింది. రాజావారు తలెత్తారు. దివానుగారు నీళ్లు నములుతూ సంగతి చెప్పారు.

"నా మాట తమ చెవిన పడలేదాండి?" అన్నాడు సన్నాసి.

"పడకేం? నాకేమన్నా చెవుడట్రా?"

"చెవిన పడితే విన్నట్టేగా! రేపు తాడు తమరిదేనండి."

"చెవిన పడింది గానీ నేను వినలేదురా!" అని అరిచి, రాజావారు ఠక్కున ఆగిపోయారు.

పానకాలు మాస్టారు గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నారు. ఆయన ఉద్యోగం నిలిచింది.

ఆనాటి నుంచీ అర్జీదారు నోరు తెరిస్తే చాలు, రాజావారు గడియారం జేబులో పడేసి, ఒకసారి పంకా తాడు వంక చూసి, అప్పుడు వినేవారు.