రాజుగారి నోట్లో తమలపాకు

ఒకానొక రాజ్యంలో, అదీ సముద్రం ఒడ్డునే అనుకోండి, గండభేరుండ భూపాలుడని ఒక రాజు ఉండేవాడు. మనిషి చెడ్డవాడు కాడు. ప్రజల్ని పీడించలేదు, ఎవరి కడుపూ కొట్టలేదు. కాకపోతే ఒక్కటే జబ్బు, జపాను కత్తుల పిచ్చి.

దూరదేశపు ఓడల్లో ఎప్పుడైనా ఆ కత్తి ఒకటి రేవులో దిగిందా, ఇంకేముంది, ఆ పూట ఆయనకి అన్నం సహించేది కాదు. ఖడ్గశాల గోడలనిండా అవే. సభకి ఎవరు ఏ పని మీద వచ్చినా ముందు కత్తుల ఉపన్యాసం వినాల్సిందే. "పిడి ఊడదీస్తే లోపల దాక్కుని ఉంటుంది చూశావూ, ఆ ఇనుప తోక, అసలు గుట్టంతా అక్కడుంది! దాని మీద తుప్పు నల్లగా, నున్నగా ఉంటే కత్తి పాతది. ఎర్రగా పొడి రాలిందంటే ఎవడో ఉప్పునీళ్లలో నానబెట్టి మన చెవిలో పువ్వు పెడుతున్నాడన్నమాట!" అంటూ మొదలుపెట్టేవాడు. పొలం తగాదా చెప్పుకోవడానికి వచ్చినవాడు తలూపీ తలూపీ, వచ్చిన పని మరిచిపోయి ఇంటికి పోయేవాడు.

ఈ పిచ్చితో ఆయన రెండు శాసనాలు చేశాడు.

మొదటిది, రాజ్యంలో ఎవరి దగ్గర జపాను కత్తి ఉన్నా సభలో చూపించాలి. రాజుగారు పరీక్షించి అసలుదని తేలిస్తే అది ఖడ్గశాలకి పోతుంది, ఇచ్చినవాడికి శాలువా కప్పుతారు. నకిలీదైతే ఎవరి కత్తి వాళ్లు పట్టుకుపోవచ్చు.

రెండోది ఇంకా విచిత్రం. జపానులో పెద్దలు కత్తి చూసేటప్పుడు నోటి తుంపర పడి ఉక్కు పాడవకుండా పెదాల మధ్య కాగితం మడిచి పెట్టుకుంటారట. మన రాజుగారు కాగితానికి బదులు తమలపాకు పెట్టారు. కత్తి దూసి ఉన్నంతసేపూ తివాచీ మీద ఉన్నవాళ్ల పెదాల మధ్య ఆకు ఉండాలి. ఎవరు నోరు తెరిచినా సరే, వాళ్లకి ఆ కత్తి మీద హక్కు పోయినట్టే. పోయినేడు మంత్రిగారు అలవాటు కొద్దీ ఆకు నమిలేసి, నకిలీదని తేలినా తాతలనాటి కత్తి చేజార్చుకున్నారు. అయినా తమలపాకు నోటికందాక నమలకుండా ఉండడం మనవాళ్లలో ఎవడి తరం చెప్పండి!

ఆ కొలువులో పేరయ్య అని ఒక చమత్కారి ఉన్నాడు. రాజుని నవ్వించడం, అప్పుడప్పుడు చురక అంటించడం ఆయన ఉద్యోగం. ఒక ఉదయం పేరయ్య అరుగు మీద కూర్చుని పళ్లు తోముకుంటూ ఉంటే, నూకాలనే ముసలమ్మ గోనెలో చుట్టిన పొడుగాటి వస్తువొకటి చంకలో పెట్టుకుని వచ్చింది.

"బాబూ, ఇది మా ఆయన కత్తి. జపానుదని సెప్పేవోడు. రాజుగారికి సూపించి, అవునో కాదో తేల్పించాల" అంది.

పేరయ్య వేపపుల్ల తీసేశాడు. "నీకేమైనా మతి పోయిందా అవ్వా? అసలుదైతే ఆయన లాక్కుంటాడు. ఏదో ఒకటి చేసి నకిలీదనిపిస్తాను, హాయిగా ఇంటికి పట్టుకుపో."

ముసలమ్మ గోనెని గుండెకి హత్తుకుంది. "అమ్మమ్మా, ఆ మాట అనిపించకు బాబూ. నకిలీ నకిలీ అని రేవంతా ఆయన్ని బతికున్నన్నాళ్లూ ఏడిపించింది. పోయాక కూడానా?"

"మరి అసలుదని తేలితే కత్తి వదులుకుంటావా?"

ముసలమ్మ కళ్లు తుడుచుకుంది. "ఇంట్లో ఆయనదంటూ మిగిలింది ఇదొక్కటే బాబూ. రోజూ లవంగనూనె రాస్తాను. ఇది లేకపోతే నేనెవరితో మాటాడాల?"

పేరయ్య గడ్డం గోక్కున్నాడు. అసలుదని తేలాలి, కత్తీ ఇంట్లోనే ఉండాలి. ఇదెక్కడి తిరకాసు రా భగవంతుడా అనుకున్నాడు. తల్లిలేని పిల్లాడిగా పెరిగాడేమో, ముసలివాళ్లు కళ్లు తుడుచుకుంటే ఆయనకి అన్నం దిగేది కాదు. చాలాసేపు ఆలోచించి, చివరికి చిటికె వేశాడు.

"సరే, పద. నువ్వు మాత్రం ఒర చేతిలో పట్టుకుని తివాచీకి ఇవతల, స్తంభం దగ్గర నిలబడు. నేను చెప్పేదాకా ఒర ఇవ్వకు."

పేరయ్య ఎత్తు ఏమిటంటే, రాజుగారి కత్తుల పాండిత్యాన్ని ఎవరైనా వేలెత్తి చూపిస్తే ఆయన ఊరుకోలేడు. కోపం తెప్పిస్తే నోరు తెరుస్తాడు. తెరిచాడా, ఆయన శాసనమే ఆయన్ని పట్టుకుంటుంది.

సభ తీరింది. రాజుగారు ఆకు పెదాల మధ్య పెట్టుకుని తివాచీ మీద కూర్చున్నాడు. కత్తి దూసి, పిడిలోని వెదురు చీల మెల్లగా తట్టి తీశాడు. పిడి జారింది. లోపలి తోక బయటపడింది. నల్లగా, చింతగింజ రంగులో, వేలు పెడితే జారేంత నున్నగా ఉంది. దాని మీద చెక్కిన అక్షరాలు సగం అరిగి ఉన్నాయి. రాజుగారి కళ్లు పెద్దవయ్యాయి. అంచు వెంబడి అలలా పరుచుకున్న తెల్లటి గీతని వెలుగులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. తరవాత సభ వైపు తిరిగి, అవునన్నట్టు తలూపాడు.

సభంతా ఆహా అంది. పేరయ్య స్తంభానికి చేరగిలబడి ఆవులించాడు.

"ప్రభువులు అవునన్నారా, కునుకు తీశారా? నాకు మాత్రం అది మన కమ్మరివీధి సరుకులా కనిపిస్తోంది."

రాజుగారి మీసం వణికింది. ఆకు మాత్రం కదల్లేదు.

"కిందటిసారి అసలుదని గోడకెక్కించినది కూడా అచ్చం ఇలాగే ఉంది. అదీ కమ్మరివీధిదేనేమో! పాపం, ప్రభువుల చూపు ఈమధ్య మందగించిందని రాణీగారు కూడా..."

రాజుగారి చెవులు మిరపపళ్లయ్యాయి. గుండ్రాళ్లలాంటి కళ్లతో పేరయ్యని మింగేసేలా చూశాడు. అయినా పెదాలు విప్పలేదు. మనిషికి వాగుడెక్కువే కాని, కత్తి ముందు నిష్ఠ అంటే నిష్ఠే. పేరయ్యకి చెమటలు పట్టాయి. ఎత్తు పారలేదు.

రాజుగారు పిడి బిగించి, ఒర ఇమ్మని ముసలమ్మకి సైగ చేశాడు. కత్తి ఒరలోకి పోయిందంటే ఇక ఆయన నోరు తెరవచ్చు, ఖడ్గశాలకి పంపమనవచ్చు. అంతా అయిపోయినట్టే.

నూకాలు ఒర ముందుకి చాపింది, మళ్లీ వెనక్కి తీసుకుంది.

"ఇస్తాను మారాజా. ఒక్క మాట సెప్పుకుని ఇస్తాను. మా ఆయన పేరు దాలయ్య. ఓడల మీద తెరసాపలు కుట్టేవోడు. ఓ ఓడ మీద గోరో అని జపాను కాపలావోడుండేవోడట. ఆడికి మాయరోగం వస్తే అంటుకుంటాదని ఎవరూ దగ్గరకి పోలేదు. మా ఆయనే గంజి తాగించి, ఒళ్లు తుడిసి, బిడ్డలా సూసుకున్నాడు. ఆడు బతికాడు. మా రేవులో దిగే రోజున ఈ కత్తి మా ఆయన సేతిలో పెట్టి, మా తాతది, ఇకమీద నీది అన్నాట్ట."

రాజుగారు ఆకు పెట్టుకునే "ఊఁ" అన్నాడు. కథ వింటూంటే ఎవరికైనా వచ్చే ఊఁ అది.

"ఊళ్లో ఎవరూ నమ్మలేదు. జపాను దొరా అని ఎగతాళి సేసేవోరు. ఆయన నవ్వి ఊరుకునేవోడు. కాని సివర్లో మంచాన పడ్డాక ఆయనకే అనుమానం పట్టుకుంది మారాజా. 'ఇందరు అంటన్నారంటే నిజమేనేమోనే నూకాలూ. గోరో నన్ను మోసం సేసి సెత్త కత్తి అంటగట్టాడేమో' అన్నాడు. ఆ దిగులుతోనే పోయాడు." ఆమె తలెత్తి రాజుగారి వైపు చూసింది. "తమరు తలూపారు. ముసల్దాన్ని సూసి జాలిపడి ఊపారో, నిజంగా ఊపారో నాకు తెలీదు. నిజం సెప్పండి బాబూ. ఆ గోరో మా ఆయన్ని మోసం సేశాడా?"

రాజుగారి గడ్డం కదిలింది. కళ్లు నిండాయి.

"లేదమ్మా!" అని ఆయన గట్టిగా అరిచాడు. "మోసం కాదు తల్లీ! అసలు సిసలు కత్తి! తాతలనాటిది. ఇంత మంచిది నా గోడ మీద ఒక్కటీ లేదు. ఆ గోరో తన ఇంటి బంగారమే నీ మొగుడి చేతిలో పెట్టాడు!"

తమలపాకు వెళ్లి తివాచీ మీద పడింది.

అప్పుడు గుర్తొచ్చింది రాజుగారికి. ఆకు వైపు చూశాడు, చేతిలోని కత్తి వైపు చూశాడు, ఆ తరవాత పేరయ్య వైపు చూశాడు. మంత్రిగారు ఉత్తరీయం నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"ఏం పేరయ్యా, ఇదంతా నీ పన్నాగమేనా?"

పేరయ్య చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. "తమ దగ్గర అబద్ధమెందుకు ప్రభూ. తమ అహంకారం నోరు తెరుస్తుందని నేను ఆశపడ్డాను, అది తెరవలేదు. తమ మంచితనం తెరిచింది. దాన్ని తక్కువ అంచనా వేసినందుకు నాకే శిక్ష వెయ్యండి."

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వాడు. సభంతా ఆయనతో నవ్వింది.

"శిక్షేనా? తప్పకుండా వేస్తాను! నా చూపు మందగించిందన్నావు కనక, ఖడ్గశాలలో కత్తులన్నిటికీ లవంగనూనె రాయి. ఊరికే కాదులే!" అంటూ మెళ్లో ముత్యాల పేట తీసి పేరయ్య మెడలో వేశాడు.

కత్తి రెండు చేతులతో నూకాలుకి అందించాడు. ఆమె పుచ్చుకోలేదు.

"వద్దు మారాజా. మోసం కాదని సెప్పారు, నాకదే సాలు. కత్తి తమరి దగ్గరే ఉండనీయండి."

"నా శాసనం నాకూ శాసనమేనమ్మా. ఇది నీది. ఇంకేమైనా కావాలంటే అడుగు."

నూకాలు కత్తి పుచ్చుకుని ఒరలో పెట్టి, సముద్రం వైపు తిరిగింది. "ఆయన బూడిద సముద్రంలోనే కలిపాం బాబూ. నేను సెబితే మొగుడి మీద పేమకొద్దీ సెప్పిందనుకుంటాడు. తమరు ఆ మాట ఇంకోసారి, అటు తిరిగి అనరా?"

గండభేరుండ భూపాలుడు కిరీటం సర్దుకుని మేడ మీదికెక్కాడు. ఆ రోజు ఆయన ఉపన్యాసం ఇవ్వలేదు, బిరుదులు చెప్పుకోలేదు. సముద్రం వైపు తిరిగి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని కేకేశాడు.

"ఓ దాలయ్యా! గోరో నిన్ను మోసం చెయ్యలేదయ్యా! కత్తి అసలుదే!"

పక్కన నిలబడ్డ ముసలమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఇనే ఉంటాడు బాబూ" అంది.