భీమిలి ఒడ్డున ఒక్క కేక

ఆచార్లు మాస్టారిని ఏదైనా అడిగితే ముందు చెప్పులు వెతుక్కునేవారు. కూర్చున్నచోట సమాధానం చెప్పడం ఆయన ఒంటికి పడదు, ఎక్కడికో నడిపించుకెళ్ళి చూపించాలి. ఇంగ్లీషు నేర్చుకుందామని భీమిలిలో ఆయన వరండాకి చేరిన మాకు ఈ సంగతి బాగా తెలుసు కనక, ఎండాకాలంలో ఎవరమూ ప్రశ్నలు అడిగేవాళ్ళం కాదు.

ఆ శనివారం పొద్దున్నే సత్యవేణి అడిగేసింది. ఆమె విశాఖలో ఒక ఆసుపత్రిలో నర్సు. ఓడల మీద వచ్చే విదేశీ నావికుల కోసం అక్కడ కొత్తగా ఒక వార్డు తెరిచారు. అందులో పని చేయాలని ఆమెకి మహా కోరిక. దానికి ఇంగ్లీషులో మాట్లాడే పరీక్ష ఒకటి నెగ్గాలి. పరీక్షకుడు రోగిలా నటిస్తాడు, నర్సు అతనితో మాట్లాడాలి. రెండుసార్లు తప్పింది. సోమవారం ఆఖరి అవకాశం. అదీ పోతే ఆ వార్డు గుమ్మం తొక్కే యోగం లేనట్టే.

రెండుసార్లూ ఆమెను ముంచింది 'టేక్' అనే బుల్లి మాట. పోయినసారి పరీక్షకుడు తల పట్టుకుని "ఐ కాంట్ టేక్ ఇట్ ఎనీ మోర్" అన్నాడట. ఇంక భరించలేను బాబోయ్ అని ఆయన గోల. ఈవిడ టేక్ అంటే మందు వేసుకోవడమే కదా అని, మాత్రలు మింగలేకపోతున్నాడనుకుని, నీళ్ళు కాస్త ఎక్కువ తాగమని నచ్చజెప్పి వచ్చింది. అప్పట్నుంచి ఆ మాట మీద కసిపట్టి చదివింది. టేక్ ఆఫ్ అంటే బట్టలు విప్పడం, విమానం లేవడం, ఉద్యోగి సెలవు పెట్టడం. టేక్ ఆఫ్టర్ అంటే తల్లి పోలికో తండ్రి పోలికో రావడం. టేక్ హార్ట్ అంటే ధైర్యం తెచ్చుకోవడం. టేక్ ప్లేస్ అంటే ఊరికే జరగడం, అందులో ఎవరూ తీసుకునేదేమీ లేదు. ఇవన్నీ ఆమె గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతుంటే మాకు చెమటలు పట్టేవి. ఇంత చదివినా ఎదుటివాడు నోరు తెరిస్తే చాలు, కొయ్యబారిపోయేది.

"ఇన్నింటిలో వాళ్ళన్నది ఏదో ఆ క్షణంలో ఎలా తెలుస్తుంది మాస్టారూ? నేను వెతుక్కునేలోపు వాళ్ళు ఇంకో మాటలోకి వెళ్ళిపోతున్నారు" అంది. ఇంక ఈ పరీక్ష నావల్ల కాదేమో అని కూడా అనేసింది.

మాస్టారు చెప్పులు వేసుకున్నారు. మేం ఆయన వెనక నడిచాం.

ఒడ్డున పెద్దవల లాగుతున్నారు. తెల్లవారుజామున పడవ మీద వెళ్ళి సముద్రంలో అర్ధచంద్రంలా వల వేసి, రెండు కొసల తాళ్ళు ఒడ్డుకి తెచ్చారు. ఇప్పుడు ఒక్కో తాడుకీ ఒక్కో బారు జనం. చేయి వేసినవాళ్ళకి కూరకి చేపలిచ్చే మర్యాద ఉంది కనక దారిన పోయేవాళ్ళు కూడా ఓ పట్టు పడతారు. మాస్టారు మమ్మల్నీ తాడుకి తగిలించి తను ఇసుకలో చతికిలబడ్డారు. బారు చివర సత్యవేణి. ఆమె వెనక ముసలి జాలరి నూకయ్య తాత, వచ్చిన తాడుని వచ్చినట్టు చుట్టలు చుడుతున్నాడు.

నడుంలోతు నీళ్ళలో నిలబడి పని నడిపిస్తున్నది మైలపల్లి ఎర్రయ్య. అతని నోట ఒక్కటే మాట, "పట్టు!" ఆ కేక వినగానే తాడువాళ్ళం బిగించి లాగాలి. నీళ్ళలో ఉన్నవాళ్ళు చేపలు జారిపోకుండా వల అడుగు అంచుని కాళ్ళతో తొక్కిపెట్టాలి. ఆడవాళ్ళు తట్టలు పట్టుకుని ముందుకి రావాలి. ఎవరికీ ఎవరూ విడమరిచి చెప్పడం లేదు. కాసేపటికి మాకూ హుషారెక్కింది. చేపలు చేరే వల సంచి దగ్గర పడుతోంది, నీళ్ళ మీద వెండి మెరుపులు ఎగురుతున్నాయి, పక్షులు నెత్తిమీద గోల చేస్తున్నాయి. సత్యవేణి చున్నీ నడుముకి బిగించి అందరికన్నా గట్టిగా లాగుతోంది. పరీక్ష సంగతి ఆ మొహంలో మచ్చుకైనా లేదు.

అంతలో పెద్ద కెరటం విరిగి వెనక్కి లాగింది. వల మొత్తం సముద్రంలోకి ఒక్క గుంజు గుంజింది. మా చేతుల్లోంచి తాడు సర్రున జారింది. వెనక చుట్టిన తాడు విడిపోతూ నూకయ్య తాత చీలమండకి బిగుసుకుంది. ముసలాయన వెల్లకిలా పడి ఇసుక మీద ఈడ్చుకుపోతున్నాడు.

"పట్టు!" అని ఎర్రయ్య అరిచాడు.

మేమంతా మడమలు ఇసుకలో దిగేసి తాడుని ఒడిసిపట్టాం. అరచేతులు భగ్గుమన్నాయి. నీళ్ళలోవాళ్ళు వల అంచు మీద ఎక్కి నిలబడ్డారు. సత్యవేణి ఒక్కతే తాడు వదిలేసింది. ఒక్క గెంతులో వెళ్ళి తాత చంకల కింద చేతులేసి పట్టుకుని వెనక్కి వాలింది. మా బిగింపుకి తాడు ఆగి సడలగానే ఉరి తప్పించి, అతని చీలమండ ఒళ్ళో పెట్టుకుని నొక్కి చూసింది. నెప్పెక్కడని అడుగుతూ కళ్ళలోకి చూసింది.

"నా కాలికేం కాలేదమ్మా, ముందు సేపలు సూడండి" అని కసిరాడు తాత.

చేపలు ఎక్కడికీ పోలేదు. సంచి ఒడ్డెక్కింది. కవ్వళ్ళూ కానాగంతలూ అనే చేపలు కుప్పగా ఎగిరెగిరి పడుతుంటే చిన్నా పెద్దా కేరింతలు కొట్టారు. సత్యవేణి తడి ఇసుకలో కూర్చుని ఒకేసారి నవ్వుతోంది, ఏడుస్తోంది. ఆ పిల్ల మీద అంత గర్వం నాకెందుకు కలిగిందో చెప్పలేను.

మాస్టారు తీరిగ్గా వచ్చి, ఎర్రయ్య పట్టమంటే నువ్వు తాడెందుకు వదిలావమ్మా అని అడిగారు.

"నన్ను తాతని పట్టుకోమన్నాడు కదండీ."

అలా అన్నాడా అని ఆయన మళ్ళీ అడిగారు. అనలేదని ఆమె ఒప్పుకుంది. మరి నీకెలా తెలిసిందంటే, తెలియడానికేముంది, తాత పడిపోయి కళ్ళెదుటే ఈడ్చుకుపోతున్నాడు కదా అంది. అని, కాసేపు తన చేతుల వంక చూసుకుంది. తర్వాత మెల్లిగా, సోమవారం ఆ గదిలో సముద్రం ఉండదు కదా మాస్టారూ అంది.

మాస్టారు చెప్పుల్లో ఇసుక దులుపుకున్నారు.

"సముద్రం ఉండదమ్మా. మనిషి ఉంటాడు."